ఊరు వదిలేలోపు పిల్లల్ని ఎక్కడెక్కడికి తిప్పాలి?

ప్రశ్న: మాకు నాలుగేళ్ల పాప, పద్నాలుగు నెలల బాబు. మావారి ఉద్యోగం వల్ల ఇంకో ఏడు వారాల్లో వేరే దేశం వెళ్లిపోతున్నాం. మళ్లీ ఎప్పుడొస్తామో తెలీదు. వెళ్లేలోపు పిల్లలకి ఇక్కడివన్నీ చూపించాలని 22 చోట్లతో జాబితా రాసుకున్నా. ఇప్పటికి మూడు అయ్యాయి. జూకి రెండు గంటల ప్రయాణం. దారిలో పాప వాంతి చేసుకుంది, చేరాక బాబు ఒకటే ఏడుపు. చెరువు దగ్గర ఫొటోలు తీయడంతోనే సరిపోయింది, వాటిలో ఒక్కదాంట్లోనూ నేను లేను. నేను చదువుకున్న కాలేజీకి తీసుకెళ్తే ‘ఇంటికెప్పుడెళ్దాం’ అని పాప గోల. ఇంత తిప్పినా వీళ్లకి ఇవేవీ గుర్తుండవేమోనని దిగులు. రాత్రిళ్లు ఏడుపొస్తోంది. ఏదైనా రాసిపెట్టుకుందామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు. చివరి రోజు ఖాళీ ఇల్లు పాపకి చూపించాలా వద్దా అని ఇంట్లో వాదన కూడా నడుస్తోంది. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు

సమాధానం:

ముందు ఆ జాబితా తీసి, రెండు రంగుల పెన్నులు పట్టుకుని కూర్చోండి. పాప తనంతట తాను పేరు పెట్టి అడిగే చోట్లకి ఒక రంగు, మీరు వదిలి వెళ్లలేకపోతున్న చోట్లకి ఇంకో రంగు. కాలేజీ, మొదటి ఆఫీసు, పెళ్లయిన కొత్తలో మీరిద్దరూ నడిచిన రోడ్డు, ఇవన్నీ రెండో రంగులోకి వస్తాయి. మీ ఇబ్బందిలో సగం ఇక్కడే ఉంది. మీ జాబితా, పిల్లల జాబితా ఒకే కాగితం మీద కలిసిపోయాయి. నాలుగేళ్ల పిల్లకి కాలేజీ గేటంటే ఒక గేటు, అంతే. గోల చేసిందంటే తప్పు దానిది కాదు.

రెండో రంగు చోట్లకి పిల్లల్ని తీసుకెళ్లకండి. మీవారికో, అమ్మమ్మకో అప్పగించి ఒక్కరే వెళ్లండి. ఒకసారికి రెండు మూడు గంటలు చాలు, వారం మధ్యలో అయితే రద్దీ కూడా ఉండదు. నిదానంగా నడవొచ్చు, ఎక్కడైనా కూర్చోవచ్చు, ఏడుపొస్తే ఏడవొచ్చు. పిల్లల్ని వదిలి వెళ్తున్నానన్న మొహమాటం పెట్టుకోవద్దు. వీడ్కోలు చెప్పాల్సింది మీరు. పాపకి డైపర్ల సంచీ మోస్తూ వాచీ చూసుకునే అమ్మకంటే, సాయంత్రం ఇంటికొచ్చి తేలిగ్గా కూర్చున్న అమ్మే నయం.

ఇక పిల్లల చోట్లు ఎన్ని మిగులుతాయో లెక్క వేద్దాం. ఏడు వారాలంటే ఏడు వారాంతాలు. చివరి రెండూ సామాను సర్దడానికి, చుట్టాలకి పోతాయి. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంట్లో జలుబో జ్వరమో ఒక వారాంతాన్ని తినేస్తుందని ముందే అనుకోవాలి. మిగిలినవి నాలుగు. వారాంతానికి ఒక్క చోటు, అదీ శనివారమే. ఆదివారం పిల్లలు కోలుకోవాలి, మీరూ కోలుకోవాలి. అంటే 22లో పెద్ద షికార్లు నాలుగే. మిగతావాటికోసం బాధపడేముందు ఒక మాట: పాపకి కొత్త చోట్లు అక్కర్లేదు. తను జారుడుబల్ల ఎక్కే పార్కు, గింజలేస్తే పావురాలు వాలే మైదానం, నాన్నతో వెళ్లే లైబ్రరీ, ఇలా ఇప్పటికే తనవైన చోట్లకి మళ్లీ మళ్లీ వెళ్లడమే తనకి షికారు. ఇవి ఇంటికి దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి వారం మధ్యలో సాయంత్రం ముప్పావు గంట చాలు. నాలుగు పెద్దవి ఎంచుకునేటప్పుడు కూడా ఇదే కొలత: దారి ముప్పావు గంట దాటకూడదు, అక్కడ చేతులతోనో కాళ్లతోనో చేయడానికి పాపకి ఏదో ఒక పని ఉండాలి. చూసి రావడానికే అయితే ఆ చోటు పెద్దవాళ్లది.

గుర్తుండడం గురించి దాపరికం లేకుండా చెప్పుకుందాం. పెద్దయ్యాక మనకి మిగిలే తొలి జ్ఞాపకాలు సాధారణంగా మూడు, మూడున్నరేళ్ల వయసువి. పద్నాలుగు నెలల బాబుకి ఈ ఊరు గుర్తుండదు. మీరెన్ని చోట్లు తిప్పినా అందులో మార్పుండదు, కాబట్టి వాడి కోసం తిరగడం ఆపేయొచ్చు. వాడికి ఇప్పుడు కావలసింది వేళకి నిద్ర, తెలిసిన ముఖాలు. పాప సంగతి వేరు. నాలుగేళ్లకి జ్ఞాపకాలు నిలవడం మొదలవుతుంది, కానీ ఏవి నిలుస్తాయన్నది చాలావరకు ఆ తర్వాత మీరు దానితో ఎలా మాట్లాడతారన్న దాని మీద ఉంటుంది. ‘జూ బాగుందా?’ అంటే ‘బాగుంది’ అంటుంది, కథ అయిపోతుంది. ‘నీళ్ల దగ్గర నువ్వేం చేశావు?’, ‘నాన్న చెప్పులు ఎలా తడిశాయి?’, ‘అప్పుడు తమ్ముడేమన్నాడు?’ అని అడిగితే పాప తన మాటల్లో కథ కడుతుంది. అది చెప్పినదానికి మీరు ఒక చిన్న వివరం కలపండి, మళ్లీ అడగండి. ఏనుగు ఎర్రగా ఉందంటే ఉండనివ్వండి, దిద్దాల్సిన పని లేదు. ఈ కబుర్లు ఆ రాత్రి పడుకునేటప్పుడు ఒకసారి, వారంలోపు ఇంకోసారి, కొత్త ఊళ్లో దిగిన నెలకి మళ్లీ ఒకసారి చెప్పుకోండి. ఒక్కోసారికి ఐదు నిమిషాలు పట్టదు. షికారులో సగం పని ఈ కబుర్లదే.

ఇప్పుడు షికారు పూట ఎలా నడవాలో చూద్దాం. మీ జూ ప్రయాణం చెడింది జూ వల్ల కాదు, వేళ వల్ల. పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల మధ్య పిల్లలు పగటి రెండు నిద్రల నుంచి ఒక్క నిద్రకి మారుతుంటారు. బాబు సరిగ్గా ఆ మధ్యలో ఉన్నాడు. ఈ వయసువాళ్లు లేచిన నాలుగు గంటలకో, నాలుగున్నర గంటలకో వాలిపోతారు. కాబట్టి ప్రణాళికని బాబు నిద్ర నుంచి వెనక్కి లెక్కేయాలి. ఏడింటికి లేస్తే పదకొండుం బావుకి కళ్లు మూతలు పడతాయి. ఏడున్నరకి టిఫిను, ఎనిమిదింబావుకి గడప దాటడం, తొమ్మిదికి చేరడం, పదిన్నర దాకా ఆట, అక్కడే కాస్త తినిపించి పదకొండుకి కారెక్కడం. తిరుగు దారిలో బాబు నిద్రపోతాడు, ఇల్లు చేరాక మంచం మీదకి మార్చండి. మార్చేటప్పుడు లేచేస్తే ఆ రోజు రాత్రి నిద్ర ఓ గంట ముందుకి జరపండి, సరిపోతుంది.

అందరూ పొరపాటు పడేది వెళ్లే దారిలో. పొద్దున ఆలస్యంగా బయల్దేరితే బాబు కారులో పది పదిహేను నిమిషాలు కునుకు తీస్తాడు. ఆ కునుకు నిద్ర అవసరాన్ని తీర్చదు, కానీ అసలు నిద్రని చెడగొట్టడానికి సరిపోతుంది. చేరాక లేపితే ఏడుపు, మధ్యాహ్నం పడుకోబెడితే పడుకోడు. రెండు గంటల దూరం చోట్లు జాబితాలోంచి తీసేయమనడానికి కారణం ఇదే. నిద్రలో ఉన్న బాబుని లేపడం ఎందుకని కారులో వదిలి ‘రెండు నిమిషాల్లో వస్తా’ అని దిగడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఎండలో ఆగిన కారు లోపల పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. చిన్నపిల్లల ఒళ్లు మనకంటే చాలా త్వరగా వేడెక్కుతుంది. కిటికీ కాస్త దించినా పెద్ద తేడా ఉండదు.

పాప వాంతికి వస్తే, ప్రయాణంలో కడుపు తిప్పడం రెండేళ్ల లోపు అరుదు, ఆ తర్వాత మొదలై బడి వయసులో ఎక్కువవుతుంది. కన్ను చూసేదానికీ చెవి లోపలి భాగం పసిగట్టే కదలికకీ పొంతన కుదరకపోవడం వల్ల ఇది వస్తుంది. కాబట్టి కారులో ఫోన్, బొమ్మల పుస్తకం రెండూ బంద్. ముందు అద్దంలోంచి దూరంగా రోడ్డు కనిపించేలా సీటు ఎత్తు ఉండాలి. బయల్దేరే ముందు కడుపునిండా వద్దు, ఖాళీ కడుపూ వద్దు, ఓ అరగంట ముందు తేలిగ్గా ఏదైనా పెట్టండి. కారులో అత్తరు వాసనల డబ్బా ఉంటే తీసేయండి. పాప ఉన్నట్టుండి మాటలాపి, పాలిపోయి, ఆవులిస్తుంటే కారు ఆపాల్సిన సమయం వచ్చినట్టే. దిగి ఐదు నిమిషాలు గాలి పీల్చుకోనివ్వండి. మందు వేయాలనుకుంటే పిల్లల డాక్టర్ని అడిగాకే. రేపు విమానంలోనూ ఇదే గొడవ ఉంటుంది కాబట్టి ఆ మాట ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

సంచీలో రెండు గంటలకి ఒక డైపరు చొప్పున, పైన ఇంకో రెండు. బాబుకి రెండు జతల బట్టలు, పాపకి ఒక జత, మీకు ఒక పై వస్త్రం. అందరూ మర్చిపోయేది ఈ చివరిదే. వాంతి పడేది అమ్మ భుజం మీద. తడి బట్టలకి గట్టిగా మూసుకునే కవర్లు రెండు. నాలుగు గంటలకి పాపకి అర లీటరు నీళ్లు, బాబుకి పావు లీటరు, పెద్దవాళ్లకి తలా లీటరు. ఎండాకాలమైతే ఇంకా ఎక్కువ. వండిన తిండి బయట రెండు గంటలకి మించి ఉండకూడదు, ఎండ మరీ తీవ్రంగా ఉంటే గంటే. తల్లిపాలు పిండి పట్టుకెళ్తుంటే చల్లటి సంచీలో ఐసు ప్యాకులతో ఒక రోజు దాకా ఆగుతాయి. డబ్బా పాలు మాత్రం కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, బాబు నోరు పెట్టిన సీసా అయితే గంటలోపు పారబోయాలి. ద్రాక్షలాంటి గుండ్రటి పళ్లు నిలువుగా నాలుగు ముక్కలు చేయండి, అడ్డంగా కోస్తే ఆ ముక్క గొంతులో బిరడాలా కూర్చుంటుంది. ఎండ క్రీము బయల్దేరే ముందే రాయండి, ప్రతి రెండు గంటలకీ మళ్లీ రాయాలి. అసలు నియమం ఆకలికంటే ముందే తినిపించడం. ‘ఆకలేస్తోంది’ అని పాప నోటితో చెప్పేసరికి పది నిమిషాలు ఆలస్యమైపోయి ఉంటుంది.

గడప దాటేముందు ఇద్దరు పిల్లలకీ నిలువెత్తు ఫొటో ఒకటి తీయండి. తప్పిపోతే ‘ఏ రంగు గౌను వేశాం’ అన్న ప్రశ్నకి కంగారులో జవాబు రాదు. పాప ముంజేతి మీద బాల్‌పెన్నుతో మీ ఫోన్ నంబరు రాసి, పైన పారదర్శకమైన ప్లాస్టరు అంటిస్తే నీళ్లలో తడిసినా పోదు. మీ అసలు పేరు, మీవారి అసలు పేరు పాపకి వచ్చా? చాలామంది పిల్లలు ‘మా అమ్మ పేరు అమ్మ’ అంటారు. ఈ వారమే నేర్పించండి. కనిపించకపోతే ఉన్నచోటే నిలబడి మీ పేరు పెట్టి గట్టిగా అరవాలని చెప్పండి. ‘అమ్మా’ అని అరిస్తే రద్దీలో పది మంది అమ్మలు తిరిగి చూస్తారు, చేయి పట్టుకునేవాళ్లు ఉండరు.

చెరువు, కాలువ, ఈతకొలను ఏదైనా సరే, ఒక పిల్లకి ఒక పెద్ద. చేయి చాపితే అందే దూరం దాటకూడదు, ఆ పెద్ద చేతిలో ఫోన్ ఉండకూడదు. చుట్టాలు నలుగురు వచ్చినప్పుడే ప్రమాదం ఎక్కువ. ఒకరు చూస్తున్నారులే అని ఇంకొకరు అనుకుంటారు. మునిగే పిల్లలు కేకలేయరు, నీళ్లు చప్పుడు కూడా చేయవు. అందుకే కాపలా మారేటప్పుడు నోటితో అనాలి: ‘బాబుని నువ్వు చూడు’, ‘చూస్తున్నా’. ఈ రెండో మాట వినబడితేనే మొదటివాళ్లు కదలాలి.

ఫొటోలకి ఒక పద్ధతి పెట్టుకోండి. చేరిన మొదటి పది నిమిషాలు ఫోన్ బయట, ఆ తర్వాత సంచీలో. ఆ పది నిమిషాల్లో ఒకటి దూరం నుంచి చోటు మొత్తం పడేలా, మోకాళ్ల మీద కూర్చుని పిల్లల ఎత్తు నుంచి రెండు, దగ్గరగా చేతులదో కాళ్లదో ఒకటి. మోకాలెత్తు నుంచి తీసిన ఫొటోలో పాప చూసిన లోకం పడుతుంది. మన ఎత్తు నుంచి తీస్తే నడినెత్తి పడుతుంది. తర్వాత ఫోన్ మీవారి చేతికిచ్చి స్పష్టంగా చెప్పండి: ‘నేను పాపతో ఆడుకుంటుంటే ఓ ఐదు తియ్, ఇటు చూడమని పిలవకు.’ ‘నన్ను కూడా తియ్యొచ్చుగా’ అని ఎదురుచూస్తే ఎవరూ తీయరు. వీడియో ఒక్కోటి ఇరవై, ముప్పై సెకన్లు, చేయి కదపకుండా, మీరు మాట్లాడకుండా. పదేళ్ల తర్వాత మీరు వెతుక్కునేది బొమ్మకంటే ఆ చప్పుళ్లనే.

చప్పుళ్ల మాట వచ్చింది కాబట్టి, ఇంట్లో చేయదగ్గ పని ఒకటుంది, షికార్లకంటే దీనికే ఎక్కువ విలువ ఇస్తాం. తాతయ్య, అమ్మమ్మ, నానమ్మల గొంతులు రికార్డు చేయండి. ‘ఏదైనా చెప్పు’ అంటే బిగుసుకుపోతారు. పాపని పక్కన కూర్చోబెట్టి, పాప చేతే ఒక్క ప్రశ్న అడిగించండి: ‘అమ్మ చిన్నప్పుడు ఏం అల్లరి చేసేది?’ ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మూరెడు దూరంలో గుడ్డ మీద ఉంచండి. బల్ల మీద నేరుగా పెడితే ప్రతి చేతి చప్పుడూ దద్దరిల్లుతుంది. ఫ్యాను ఆపండి, ఆ గాలి చప్పుడు మనకి వినపడదు గానీ రికార్డింగులో మాటని మింగేస్తుంది. పది సెకన్లు తీసి విని, అప్పుడు అసలు మొదలుపెట్టండి. పది నిమిషాలు చాలు. గేటు తీసే చప్పుడు, పాపని పిలిచే పిలుపు, బాబుని పడుకోబెట్టేటప్పుడు మీరు పాడే పాట, ఇవి కూడా ఒక్కో నిమిషం.

ఇక రాసుకోవడం. పెద్ద నోటుబుక్కు కొని మొదటి పేజీలోనే ఆగిపోయేవాళ్లే ఎక్కువ. షికారుకి నాలుగు వాక్యాలు రాయండి, అదే రాత్రి రాయండి. పాప అన్న ఒక మాట, అన్నది అన్నట్టుగా. బాబు చేసిన ఒక పని. ఒక వాసనో చప్పుడో. చెడిపోయిన ఒక విషయం. ‘చాలా బాగా గడిచింది’ అన్న వాక్యం నిషేధం, ఏడాది తర్వాత చదివితే అందులో ఏమీ ఉండదు. ‘బాబు జారుడుబల్లని కిందినుంచి పైకే ఎక్కుతానన్నాడు, పదకొండుసార్లు జారాడు, దించితే ఏడ్చాడు’ అని రాస్తే ఆ మధ్యాహ్నమంతా తిరిగొస్తుంది. మర్నాటికి పాప మాట మీ మాటగా మారిపోతుంది, అందుకే అదే రాత్రి అంటున్నాం. ఒంటరిగా వెళ్లిన చోట్లకి మాత్రం ఎంతైనా రాసుకోండి, అక్కడ కొలతలు లేవు.

టికెట్లు దాచే అలవాటుంటే ఒక జాగ్రత్త. ఇప్పటి టికెట్లు చాలావరకు నున్నటి కాగితం మీద వేడితో అచ్చువేసినవి. గోటితో గట్టిగా గీస్తే నల్లగీత పడితే అది అలాంటి కాగితమే. వెలుగుకీ వేడికీ అక్షరాలు వెలిసిపోయి తెల్లకాగితం మిగులుతుంది. లామినేషన్ చేయిస్తే ఇంకా ఘోరం, ఆ వేడికి మొత్తం నల్లబడుతుంది. ఆ రోజే జిరాక్సు తీయించి, జిరాక్సుని అంటించుకోండి. ఆకులు, ఈకలు, గవ్వలు, మట్టి పట్టుకెళ్లాలనుకుంటే చాలా దేశాల సరిహద్దుల్లో ఆపేస్తారు, చెప్పకుండా తీసుకెళ్తే జరిమానా పడొచ్చు. దానికి బదులు ఆకుని ఈనెలు పైకి ఉండేలా బల్ల మీద పెట్టి, పైన పలచటి కాగితం వేసి, క్రేయాన్‌ని పడుకోబెట్టి రుద్దండి. ఈనెలతో సహా ఆకు మొత్తం కాగితం మీదకి వస్తుంది. పాప చేయదగ్గ పని, కస్టమ్స్‌వాళ్లకీ అభ్యంతరం ఉండదు. తలుపు మీద పిల్లల ఎత్తు గీతలు గీసి ఉంటే, ఒక పొడుగాటి కాగితపు పట్టీని నేలకి ఆనించి తలుపుకి అంటించి, గీతలు తేదీలతో సహా దాని మీదకి దింపుకోండి. కొత్త ఇంట్లో అదే పట్టీని మళ్లీ నేలకి ఆనించి అంటిస్తే లెక్క తెగదు.

ఫొటోల భద్రతకి మూడు ప్రతులు ఉండాలి, కనీసం రెండు రకాల చోట్ల, అందులో ఒకటి మీ ఇంటికి బయట. మీ విషయంలో ఒక హార్డ్ డిస్కు మీ చేతిసంచీలో, ఇంకోటి అమ్మగారింట్లో, మూడోది ఆన్‌లైన్‌లో. ఇక్కడ మూడు ఉచ్చులున్నాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, తీసిన తేదీ, చోటు వివరాలు కూడా పోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది. రెండోది, ఫోన్‌తో సింక్ అయ్యే ఖాతాలో ఫోన్‌లోది తీసేస్తే అక్కడిదీ పోతుంది, కాబట్టి ఫోన్ నిండిందని తుడిచేముందు సెట్టింగు చూడండి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. మీ ఈమెయిలు, ఫొటోల ఖాతా ఇక్కడి నంబరుకి కట్టేసి ఉంటాయి. అక్కడికి వెళ్లాక ఈ సిమ్ ఆగిపోతే ఓటీపీ రాదు, మీ ఫొటోలు మీకే తెరుచుకోవు. బయల్దేరడానికి రెండు వారాల ముందే రెండో ఈమెయిలు జత చేసి, ఓటీపీ లేకపోయినా ఖాతా తెరిచే బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి పాస్‌పోర్టులతో పెట్టుకోండి. హార్డ్ డిస్కు, పవర్ బ్యాంకు రెండూ చేతిసంచీలోనే. పవర్ బ్యాంకుని చెక్-ఇన్ సామానులో ఒప్పుకోరు.

ప్రయాణానికి ముందే పాపకి ఇరవై, ఇరవై నాలుగు ఫొటోల చిన్న ఆల్బం అచ్చు వేయించండి, 4×6 అంగుళాలవి. ఫోన్‌లో చూపిస్తే అది మీ చేతిలో ఉంటుంది, ఆల్బం అయితే తన మంచం పక్కన ఉంటుంది. బాబుకి ఐదారు ముఖాలు మందపాటి అట్టల మీద అంటిస్తే చాలు, వాడు నమిలినా తట్టుకోవాలి.

పాపకి వెళ్తున్న సంగతి చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పకపోతే ఈ వారమే చెప్పండి. పెద్దల మాటలు చెవిన పడుతూనే ఉంటాయి, సగం విన్నదే ఎక్కువ భయపెడుతుంది. ‘టూరుకి వెళ్తున్నాం’ అనొద్దు, టూరంటే తిరిగొస్తారని పాపకి తెలుసు. ఏం మారుతుందో, ఏం మారదో రెండూ చెప్పండి: ఇల్లు మారుతుంది, బడి మారుతుంది. అమ్మ, నాన్న, తమ్ముడు, నీ దుప్పటి మారవు. ‘తాతయ్య కూడా వస్తాడా?’ అని తప్పకుండా అడుగుతుంది. ‘రాడు, ఫోన్‌లో రోజూ చూస్తాం’ అని ఉన్నది చెప్పండి. ‘తర్వాత వస్తాడులే’ అని నోటికొచ్చింది అంటే రోజూ అదే అడుగుతుంది. నాలుగేళ్లకి ‘ఏడు వారాలు’ అర్థం కాదు. ఆఖరి రెండు వారాల్లో రంగు కాగితాలతో పద్నాలుగు గొలుసు ముక్కలు చేసి, రోజుకొకటి తెంపనివ్వండి. అంతకంటే పొడుగు గొలుసు కడితే మధ్యలో ఆసక్తి పోతుంది. డైపర్ మాన్పించడం, పాలు మాన్పించడం, మంచం మార్చడం లాంటి కొత్త మార్పులేవీ ఈ ఏడు వారాల్లో పెట్టుకోకండి. వెళ్లాక పాప పక్క తడపడం, గోముగా మాట్లాడటం కొన్ని వారాలు కనిపిస్తే అది మామూలే. సామానులో పిల్లల గది ఆఖరున సర్దండి, అక్కడ మొదట విప్పండి. రోజూ పట్టుకుని పడుకునే దుప్పటిని ఉతక్కండి, పెట్టెలో వేయకండి.

మీ ఏడుపు గురించి. ఊరు వదిలేటప్పుడు ఏడుపు రావడం రోగం కాదు. పాప చూస్తే ‘ఈ ఇల్లు వదులుతున్నానని బెంగగా ఉంది, నీ వల్ల కాదు’ అని ఒక్క మాట చెప్పండి. దాచుకుంటే తానేదో తప్పు చేశాననుకుంటుంది. అయితే ఈ దిగులు రెండు వారాలు దాటి దాదాపు రోజంతా ఉంటున్నా, ఇదివరకు ఇష్టంగా చేసిన పని ఏదీ చేయబుద్ధి కాకపోతున్నా, బాబు నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోతున్నా డాక్టర్ని కలవండి. కాన్పు తర్వాత వచ్చే కుంగుబాటు ఏడాది దాటాక కూడా ఉండొచ్చు. అక్కడికెళ్లాక చూద్దాం అనుకోవద్దు, కొత్త చోట డాక్టరు దొరికి, కుదురుకునేసరికి నెలలు గడిచిపోతాయి. మిమ్మల్ని మీరు గాయపరచుకోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగక్కర్లేదు, ఆ రోజే ఇంట్లో చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పిల్లల టీకాల కార్డు ఎలాగూ తీయించాలి కదా, అదే దారిలో మీ సంగతీ చెప్పండి.

ఖాళీ ఇల్లు పాపకి చూపించండి. చూడకపోతే ఆ ఇల్లు తన సామానుతో సహా అక్కడే ఉందని, ఎప్పుడైనా వెళ్లొచ్చని అనుకుంటుంది. సామాను లారీ వెళ్లిపోయాక, తాళం వేసేముందు, పది నిమిషాలు. కడుపు నిండి ఉండాలి, నిద్రవేళ కాకూడదు, విమానం హడావిడి ఆ పూటే ఉండకూడదు. వీలైతే ముందురోజు పొద్దున పెట్టుకోండి. గది గదికీ తిరిగి, అక్కడ ఏముండేదో పాపనే చెప్పనివ్వండి, చివరి తలుపు పాప చేతే వేయించండి. రానంటే బలవంతం వద్దు, గుమ్మం బయట నుంచి చేయి ఊపినా చాలు. బాబుని తీసుకురానక్కర్లేదు. తాళం పడ్డాక ఏదో మర్చిపోయామని గుర్తొస్తే మీవారు ఒక్కరే లోపలికి వెళ్లి తెచ్చుకోవాలి, పాప కారులో మీ పక్కనే ఉండాలి. తలుపు మళ్లీ తెరుచుకోవడం చూస్తే అప్పటిదాకా చెప్పిందంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది.